గౌలిగూడ చుట్టూ నాలుగు తరాల నినాదాలు



హైదరాబాదులో గౌలిగూడ పేరు చెప్పగానే పాత తరం వాళ్లకు ముందు గుర్తొచ్చేది బస్టాండు. నిజాం రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. గౌలిగూడలోని పెద్ద ఇనుప షెడ్డు ఆ బస్సులకు నెలవైంది. 1994లో ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వచ్చేదాకా జిల్లాల బస్సులకు ఇదే గమ్యం. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట పట్టుకొని కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో చదువు కోసం వచ్చిన పిల్లవాడు ఇక్కడే దిగాడు. గుంటూరు నుంచో ఏలూరు నుంచో కొత్త ఉద్యోగంలో చేరడానికి వచ్చిన గుమస్తా కూడా ఇక్కడే దిగాడు. ఇద్దరూ తెలుగువాళ్లే. ఆ ఇద్దరి మధ్య తలెత్తిన తగవు అరవై ఏళ్లకు పైగా నడిచింది. ముఖ్యమంత్రులను దించింది, రాజ్యాంగంలో కొత్త అధికరణం చేర్పించింది, చివరికి దేశపటంలో కొత్త గీత గీయించింది. ఆ తగవును మొదటి నుంచి చివరి దాకా వీధిలోకి తెచ్చింది విద్యార్థులు. ఈ పూట నేను మాట్లాడబోయేది దాని గురించే.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. 2018 జూలై 5న కూలిపోయింది. కానీ అది ఉన్న చోటి నుంచి నాలుగు వైపులా నడిస్తే ఈ చరిత్రంతా కాలినడక దూరంలోనే ఉంటుంది. జాంబాగ్ వైపు వివేకవర్ధిని విద్యాసంస్థ. సుల్తాన్‌బజార్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. అబిడ్స్ వైపు రెడ్డి హాస్టలు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి. మూసీ మీద నయాపూల్ దాటితే సిటీ కాలేజీ, దాని పక్కనే హైకోర్టు. నాంపల్లికి వెళితే అసెంబ్లీ, ఎదురుగా గన్‌పార్కు.

ముందు వివేకవర్ధిని దగ్గర ఆగుదాం. 1921 నవంబరులో అక్కడ నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కార్వే. మరాఠీలో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు, అల్లరి చేశారు. తెలుగువాళ్లు అవమానంతో లేచి బయటికొచ్చారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు లాంటి వాళ్లు అందులో ఉన్నారు. తొమ్మిదేళ్లకు జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగిందంటే దానికి వేరు అక్కడుంది. ఇది విద్యార్థుల ఉద్యమం కాదు, నిజమే. కానీ ఇవాళ్టి మన కథలో తొలితరం పెద్దమనుషులు కొందరు ఆ రాత్రి అక్కడ తయారైనవాళ్లే. ఆ పేర్లలో బూర్గుల పేరు గుర్తుంచుకోండి.

విద్యార్థులు సొంతంగా దిగింది 1938లో. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టలు ప్రార్థన మందిరంలో వందేమాతరం పాడొద్దని అధికారులు నిషేధించారు. పిల్లలు వినలేదు. సమ్మె చేశారు, హాస్టళ్ల నుంచి, కాలేజీల నుంచి బహిష్కరణకు గురయ్యారు. వరంగల్‌కు, గుల్బర్గాకు, ఔరంగాబాదుకు ఆ సమ్మె పాకింది. హైదరాబాదు సంస్థానంలో చదువు తలుపులు మూసుకుపోతే నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. వరంగల్‌లో చదువుతూ అలా బయటపడి, నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించినవాళ్లలో ఒకరు పాములపర్తి వెంకట నరసింహారావు. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి.

ఇక 1952. నా దృష్టిలో మన కథకు అసలు మొదలు అదే.

నిజాం కాలంలో 1919 నాటి ఫర్మానా ఒకటుంది. సర్కారు కొలువు కావాలంటే ముల్కీ అయి ఉండాలి, అంటే ఇక్కడ పుట్టినవాడో, కనీసం పదిహేనేళ్లు ఇక్కడ ఉన్నవాడో కావాలి. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం ఏలుబడి ముగిశాక పాలన నడపడానికి మద్రాసు నుంచి, బొంబాయి నుంచి అధికారులను తెచ్చారు. వాళ్ల వెంట కింది స్థాయి ఉద్యోగాల్లోకి కూడా బయటివాళ్లు వచ్చారు. అప్పటిదాకా ఉర్దూ మాధ్యమంలో చదివిన ఇక్కడి యువకుడికి ఒక్కసారిగా తన చదువు చెల్లని నాణెమైపోయింది. ఆఫీసు భాష మారింది, పరీక్ష మారింది, పైఅధికారి మారాడు. అబద్ధపు ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొస్తున్నాయన్న ఆరోపణ ఊరూరా వినిపించింది.

వేసవి దాటాక వరంగల్‌లో విద్యార్థులు కదిలారు. ఉపాధ్యాయ నియామకాల్లో స్థానికేతరులను నింపుతున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. ఆగస్టు చివరికి ఆ ఊరేగింపులు హైదరాబాదు చేరాయి. నాన్ ముల్కీ గో బ్యాక్, ఇడ్లీ సాంబార్ గో బ్యాక్ అన్న నినాదాలు ఈ వీధుల్లోనే మోగాయి. సెప్టెంబరు 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. మర్నాడు మళ్లీ కాల్పులు. ప్రాణాలు పోయాయి. గాయపడ్డవాళ్లను మోసుకొచ్చింది ఉస్మానియా ఆసుపత్రికి. అప్పుడు ముఖ్యమంత్రి ఎవరనుకున్నారు? బూర్గుల రామకృష్ణారావు. ఎన్నికైన తొలి ముఖ్యమంత్రిగా గద్దెనెక్కి అప్పటికి ఆరు నెలలు. ఒకనాడు తెలుగువాడి గౌరవం కోసం సంఘం పెట్టినవాడి ఏలుబడిలో, తెలుగు పిల్లలు కొందరు మరికొందరు తెలుగువాళ్లను పొమ్మన్నారు. జస్టిస్ పింగళి జగన్‌మోహన్ రెడ్డితో విచారణ వేశారు, ముల్కీ వ్యవహారం చూడమని మంత్రివర్గ ఉపసంఘం వేశారు. కాగితం మీద నియమాలు గట్టిపడ్డాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అదే 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ భాష కోసం ఊరేగిన విద్యార్థుల మీద పాకిస్తాన్ పోలీసులు కాల్చారు. అక్కడ భాష, ఇక్కడ కొలువు. రెండు చోట్లా సర్కారు దాన్ని శాంతిభద్రతల సమస్యగానే చూసింది. రెండు చోట్లా తుపాకీ శబ్దం ఆగిపోయింది గానీ, పిల్లలు వేసిన ప్రశ్న ఆగలేదు. ఢాకాలో ఇరవై ఏళ్లు తిరక్కుండానే కొత్త దేశమైంది. మన దగ్గర అరవై ఏళ్లు దాటాక కొత్త రాష్ట్రమైంది.

సిటీ కాలేజీ కాల్పుల ప్రభావం ఎక్కడ కనిపించిందో చూడండి. 1955లో ఫజల్ అలీ రాష్ట్రాల పునర్విభజన కమిషన్ తన నివేదికలో, చదువులో వెనకబడిన తెలంగాణ వాళ్లు ముందున్న ఆంధ్రుల కింద నలిగిపోతామని భయపడుతున్నారని స్పష్టంగా రాసింది. హైదరాబాదు రాష్ట్రాన్ని 1961 ఎన్నికల దాకా విడిగా ఉంచి, తర్వాత అక్కడి శాసనసభ ఒప్పుకుంటేనే కలపమంది. ఢిల్లీ మాత్రం అంతకాలం ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న రెండు ప్రాంతాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ, తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే, ప్రాంతీయ సంఘం, ముఖ్యమంత్రి ఒక ప్రాంతమైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రే లేరు. ఒప్పందం తడి ఆరకముందే జరిగిన సంగతి ఇది.

అక్కడి నుంచి పన్నెండేళ్లు దాటి 1969కి రండి. రక్షణల గడువు ముగియవస్తోంది. కొత్తగూడెం దగ్గర పాల్వంచ థర్మల్ కేంద్రంలో బయటివాళ్లకు కొలువులిచ్చారన్న అసంతృప్తి రగిలింది. జనవరి 8న ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. అతను అడిగింది రాష్ట్రం కాదు, రాసుకున్న రక్షణలను అమలు చేయమన్నాడు. ఉస్మానియాలో విద్యార్థులు రెండుగా చీలారు. ఒక వర్గం రక్షణలు చాలన్నది, ఇంకో వర్గం విడిపోవడమే దారి అన్నది. జనవరి 19న ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి అఖిలపక్షంతో ఒప్పందం చేశారు. 24న సదాశివపేటలో కాల్పులు జరిగాయి. ఆ తర్వాత రక్షణల మాట వినేవాళ్లు తగ్గిపోయారు. మార్చిలో సుప్రీంకోర్టు ఆ రక్షణలకు ఆధారమైన చట్టంలోని సెక్షన్‌ను కొట్టేసింది. ఏప్రిల్ 11న ఇందిరాగాంధీ ప్రకటించిన ఎనిమిది సూత్రాలు కూడా పిల్లలను తరగతులకు తేలేకపోయాయి. మే 1న నిషేధాన్ని లెక్కచేయకుండా చార్మినార్ నుంచి రాజ్‌భవన్ వైపు ఊరేగింపు బయల్దేరింది. మళ్లీ కాల్పులు. ఉద్యమకారుల లెక్కలో ఆ ఏడు పోయిన ప్రాణాలు 369. వాళ్ల గుర్తుగా గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు మలచిన స్తూపం నిలిచింది.

రాజకీయం ఏం చేసింది? విద్యార్థుల చేతిలోని జెండాను మే నెలలో మర్రి చెన్నారెడ్డి అందుకున్నారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆయన నాయకత్వంలోని తెలంగాణ ప్రజా సమితి 14 స్థానాల్లో 10 గెలిచింది. అదే ఏడు సెప్టెంబరులో ఆ పార్టీ కాంగ్రెసులో కలిసిపోయింది. బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు. 1938లో కాలేజీ నుంచి బయటపడిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఉస్మానియా విద్యార్థి నాయకుడు మల్లికార్జున్ లోక్‌సభకు వెళ్లి, తర్వాతి కాలంలో కేంద్రంలో సహాయ మంత్రి కూడా అయ్యారు. చెన్నారెడ్డి 1978లో సమైక్య రాష్ట్రానికే ముఖ్యమంత్రి అయ్యారు. చదువు ఏడాది పోగొట్టుకున్న వేలమందికి దక్కింది ఒక స్తూపం, ఒక జ్ఞాపకం.

తగవుకు రెండో వైపు కూడా ఉంది. అది చెప్పకపోతే నా మాట సగం అవుతుంది. 1972 అక్టోబరు 3న నిజాం నాటి ముల్కీ నియమాలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇప్పుడు లేచింది కోస్తా, రాయలసీమ విద్యార్థులు. మా రాజధానిలో మేమే పరాయివాళ్లమా అన్నారు. విశాఖలో, తిరుపతిలో, విజయవాడలో కాలేజీలు మూతబడ్డాయి, రైళ్లు ఆగాయి. తెన్నేటి విశ్వనాథం, గౌతు లచ్చన్న, కాకాని వెంకటరత్నం లాంటి పెద్దలు ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలంటూ జై ఆంధ్ర అన్నారు. పి.వి. తెచ్చిన భూసంస్కరణల మీద కోపంగా ఉన్న పెద్ద రైతులు ఈ ఉద్యమానికి అండగా నిలిచారన్న విశ్లేషణ కూడా బలంగా ఉంది. కోపం ఎవరిదైనా, ఊరేగింపులో ముందు నడిచినవాడి వయసు ఇరవై దాటలేదు. ఆ జై ఆంధ్ర నుంచే ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థి నాయకుడు ముప్పవరపు వెంకయ్యనాయుడు పైకొచ్చి, ఉపరాష్ట్రపతి దాకా వెళ్లారు. 1973 జనవరిలో పి.వి. రాజీనామా చేశారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. విద్యార్థిగా ఒక సర్కారును ఎదిరించినవాడు, ముఖ్యమంత్రిగా విద్యార్థుల ఉద్యమంలోనే కుర్చీ వదిలారు.

ఆ రెండు ఉద్యమాల మధ్య మామూలు మనుషుల బతుకు ఏమైందో ఈ పేటల్లో పెద్దవాళ్లను అడగండి. 1969లో ఇక్కడ కాపురమున్న ఆంధ్ర ఉద్యోగుల కుటుంబాలు భయంతో సొంతూళ్లకు పోయాయి. 1972లో అటువైపు పనిచేస్తున్న తెలంగాణ ఉద్యోగులకు అదే గతి పట్టింది. ఇంటి యజమాని, కిరాయిదారు ఒకరి మాట ఒకరు అనుమానంగా వినడం అప్పుడే మొదలైంది. యాసను గేలి చేయడం, ఊరు పేరు అడిగి లెక్కగట్టడం ఆఫీసుల్లో అలవాటైపోయింది. ప్రాంతాల మధ్య సంబంధమంటే నదీజలాలు, నిధులు మాత్రమే అనుకుంటాం. పక్కబల్ల గుమస్తాతో కలిసి టీ తాగగలగడం కూడా అందులో భాగమే. కొలువు దొరకనివాడి కోపం న్యాయమైనదే. ఆ కోపం ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన బడిపంతులు ఇంటి మీదికి పోవడం మాత్రం న్యాయం కాదు. రెండు ప్రాంతాల విద్యార్థి ఉద్యమాలూ ఈ గీతను ఎన్నోసార్లు దాటాయి.

1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. ముల్కీ నియమాలు, ప్రాంతీయ సంఘం రద్దయ్యాయి. వాటి బదులు 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు, జోన్ల వారీగా స్థానికులకు వాటా వచ్చాయి. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టడం కూడా ఆ ఆరింటిలో ఒకటి. 1974లో అది మొదలైంది ఎక్కడో తెలుసా? అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు వెళ్లే దారిలో, సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో. తరగతులు ఎగ్గొట్టి రోడ్డెక్కిన పిల్లల వల్ల ఒక విశ్వవిద్యాలయం పుట్టింది. విద్యార్థి ఉద్యమాలన్నీ చదువును పాడుచేస్తాయనేవాళ్లకు నేను ఆ ఇల్లు చూపిస్తాను.

అయితే కాగితం మీద జోన్లు గీసినంత మాత్రాన లెక్క సరిపోలేదు. 1985లో అధికారుల కమిటీ దాదాపు 59 వేలమంది స్థానికేతర ఉద్యోగులు తెలంగాణలో నిబంధనలకు విరుద్ధంగా ఉన్నారని తేల్చింది. వాళ్లను వాళ్ల జోన్లకు తిప్పి పంపమని ఎన్.టి. రామారావు ప్రభుత్వం డిసెంబరు 30న 610 జీవో ఇచ్చింది. ఆ జీవో అమలు చేయమని అడుగుతూ ఒక తరం తల నెరిసింది. 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు, అదే 1975 ఉత్తర్వులోని 14-ఎఫ్ అంశం ఆధారంగా, పోలీసు నియామకాల్లో హైదరాబాదు ఫ్రీ జోన్, అంటే ఏ ప్రాంతం వాళ్లైనా పోటీపడొచ్చు అన్నది. నవంబరు 29న ఉద్యమ నాయకుడు కె. చంద్రశేఖర్ రావు ప్రత్యేక తెలంగాణ కోసం నిరాహార దీక్షకు బయల్దేరితే కరీంనగర్ దగ్గర అరెస్టు చేశారు. దీక్ష విరమించారన్న వార్త రాగానే ఉస్మానియా విద్యార్థులు మండిపడ్డారు. దీక్ష కొనసాగింది. ఉద్యమ పగ్గం కొన్నాళ్లు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదే ఉంది. డిసెంబరు 10న అసెంబ్లీ ముట్టడికి పిలుపిచ్చారు. ముందురోజు రాత్రే కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. తెల్లారేసరికి అటువైపు ఎమ్మెల్యేల రాజీనామాలు, సమైక్యాంధ్ర పేరుతో విద్యార్థి జేఏసీలు. డిసెంబరు 23న ఢిల్లీ మాట మార్చింది. తర్వాత శ్రీకృష్ణ కమిటీ, మిలియన్ మార్చ్, సకల జనుల సమ్మె. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఈ మధ్యలో ఎందరో యువకులు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. వాళ్లను అమరులని కీర్తించినంత గట్టిగా, ఒక్క రాజకీయ పక్షమైనా చావొద్దు బిడ్డా అని వాళ్లకు చెప్పి ఉంటే బాగుండేది.

నాలుగు తరాల ఈ కథలో నాకు ఒక వరుస కనిపిస్తుంది. విద్యార్థి లెక్కపెట్టగల చిన్న విషయంతో మొదలుపెడతాడు. ఒక నియామకం, ఒక జాబితా, ఒక సర్టిఫికెట్. సర్కారు మొదట లాఠీతో బదులిస్తుంది. ప్రాణం పోగానే చిన్న విషయం ఆత్మగౌరవమైపోతుంది. అప్పుడు పెద్దలు వచ్చి జెండా పట్టుకుంటారు, ఢిల్లీకి వెళ్లి ఒక కాగితం రాసుకొస్తారు, పదవులు పంచుకుంటారు. కాగితం అమలు కాదు. ఆ కాగితమే తర్వాతి తరం విద్యార్థి చేతిలో ప్రశ్నాపత్రమవుతుంది. 1952లో గట్టిపరిచిన నియమం 1969లో, 1975లో రాసిన ఉత్తర్వు 2009లో అలాగే తిరిగొచ్చాయి.

ఇది మనకొక్కరికే జరగలేదు. అస్సాంలో అఖిల అస్సాం విద్యార్థి సంఘం 1979 నుంచి ఆరేళ్లు పోరాడింది. 1985 ఆగస్టు 15న ఒప్పందం కుదిరింది, ఆ ఏడాది చివరికి విద్యార్థి నాయకుడు ప్రఫుల్ల కుమార్ మహంత ముఖ్యమంత్రి అయ్యారు. ఒప్పందం తర్వాత కూడా తేలని విదేశీయుల ప్రశ్న 2019లో పౌర జాబితాగా మళ్లీ ముందుకొచ్చింది, బంగ్లాదేశ్‌తో సంబంధాన్ని కూడా తాకింది. అదే బంగ్లాదేశ్‌లో 2024లో ఉద్యోగాల కోటా మీద విద్యార్థులు లేచారు. ప్రభుత్వం తుపాకీ పట్టింది, ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా దేశం వదిలి భారత్‌కు వచ్చారు. ఢాకా వీధిలోని కొలువు తగవు రెండు దేశాల దౌత్యాన్ని బిగదీసింది. మన సిటీ కాలేజీ పిల్లలు లేవనెత్తిన ప్రశ్న కూడా కొలువే.

తెలంగాణ వచ్చింది కదా, ఇక ఆ ప్రశ్న తీరినట్టేనా? 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికుల వాటాను 95 శాతం చేసింది. స్థానికుడు ఎవరన్న వివాదం మాత్రం వైద్య విద్య ప్రవేశాల విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకు వల్ల గ్రూప్-1 పరీక్ష రద్దయింది. ఆ ఏడు చివర జరిగిన ఎన్నికల్లో నిరుద్యోగుల కోపం పెద్ద విషయమైంది, ప్రభుత్వం మారింది. 2024లో అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల దగ్గర మళ్లీ ధర్నాలు. ఈసారి పొమ్మనడానికి పక్క ప్రాంతం వాడు లేడు. ప్రశ్న నేరుగా మన సర్కారుకే.

అందుకే నా మాట ఇది. విద్యార్థి ఉద్యమాన్ని చూసి భయపడే పాలకులకు చేయగలిగిన పని ఒకటుంది. ఏ రక్షణ ఇచ్చినా, ఏ వాటా రాసినా, ఆ ఏడు ఎన్ని ఖాళీలు, ఎవరితో నింపారో ఏటా బయటపెట్టాలి. లెక్క కనిపిస్తే పుకారుకు పని ఉండదు. రెండోది, మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 1980ల చివరి నుంచి విద్యార్థి సంఘాల ఎన్నికలు లేవు. ఎన్నికైన ప్రతినిధి లేని చోట ప్రశ్న వైస్ చాన్సలర్ గదికి వెళ్లదు, నేరుగా రోడ్డు మీదికే వస్తుంది. ఆ ఎన్నికలు తిరిగి పెట్టాలి. గొడవలవుతాయని అంటారు. అవుతాయేమో. కానీ సిటీ కాలేజీ ముందు, సదాశివపేటలో అయినంత గొడవ ఓటుపెట్టె దగ్గర కాదు. విద్యార్థులకు కూడా ఒక మాట. ప్రశ్న మీది, దాన్ని పెద్దలకు పూర్తిగా అప్పగించకండి. వాళ్లు తెచ్చిన కాగితాన్ని చదవండి, గడువు అడగండి, గడువు తీరిన రోజున లెక్క అడగండి.